తలుపు సందులో టికెట్లు

మొన్న మా వీధి అరుగు మీద కుర్రవాళ్ళు పేపరు పరుచుకొని వాదులాడుకుంటున్నారు. ఏదో దేశంలో ఆటల పోటీలంట. చూడటానికి వేరే దేశాల జనం పోవాలా వద్దా అని వెనకాముందు ఆడుతున్నారంట. ఆడ దిగితే క్షేమంగా ఇల్లు చేరతామా అని వాళ్ళ అనుమానం. "తాతా, ఇట్లాంటివి నీ కాలంలో ఉన్న్యాయా?" అని ఒకడు ఎగతాళిగా అడిగినాడు. నేనూరుకుంటానా? "ఆట చూడనీకి పరరాజ్యం నుంచి వచ్చిన నలభై మందిని ప్రాణాలతో ఇంటికి పంపించినోణ్ణి రా నేను" అన్నాను.

నలభై అనేది కొంచెం ఎక్కువ. పంతొమ్మిది మంది. ప్రాణాల సంగతి చివరిదాకా చదివి మీరే తేల్చుకోండి. ఇప్పుడిప్పుడే రైల్వేలో చేరి నల్లకోటు తొడుక్కుంటున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను కాబట్టి, ఎక్కువ చెప్పిన చోట ఎక్కువ చెప్పినానని నేనే ఒప్పుకుంటాను. అట్లని ఎక్కువ చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. నేను ఆదోని స్టేషన్లో టికెట్ కలెక్టరుగా చేరి పది నెలలు. ఇంకో రెండు నెలలు ఏ మచ్చా లేకుండా గడిస్తేనే ఉద్యోగం ఖాయం. అప్పుడు మాది బళ్ళారి జిల్లా. ఉత్తరంగా రైలెక్కి తుంగభద్ర వంతెన దాటితే నిజాం రాజ్యం. దొర వేరు, పోలీసులు వేరు, రూపాయి కూడా వేరు. ఇక్కణ్ణుంచి రాయచూరు రెండు మూడు గంటల దారే గానీ, మా ఆడవాళ్ళు అక్కడికి పోయేవాళ్ళకు కాశీకి పోయేవాళ్ళకు చెప్పినట్టు జాగ్రత్తలు చెప్పేవాళ్ళు. అక్కడి ఆడవాళ్ళు కూడా మా గురించి అట్లే చెప్పేవాళ్ళని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఏడు దసరా అయిన వారానికి ఎమ్మిగనూరులో పెద్ద కుస్తీ పెట్టినారు. మా పక్క నుంచి ఆదోని జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు మోసే హమాలీ. వాళ్ళ పక్క నుంచి రాయచూరు తాలింఖానాలో కుస్తీ నేర్చిన పహిల్వాను. పెట్టించింది ఎమ్మిగనూరు మగ్గాల షావుకారు. రైళ్ళ సంగతి తెలిసినవాణ్ణని నన్ను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను లేకపోతే ఆ కుస్తీయే జరిగేది కాదని చాలాకాలం చెప్పుకుంటూ తిరిగినాను. అక్కడ నేను చేసిన పనల్లా టీ తాగడం, ఒక్క సలహా ఇవ్వడం. ఆ సలహా ఇవ్వకుండా టీ మాత్రమే తాగి లేచుంటే ఎంత బాగుండేదో!

రాయచూరు నుంచి షావుకారుకు జాబు వచ్చింది. పహిల్వాను వెంట అతని అభిమానులు కొందరు వస్తామంటున్నారని, అయితే మీ ఊళ్ళ పక్కన ఏదో గట్టు మీద దసరాకు జనం కట్టెలతో తలలు పగలగొట్టుకుంటారని విన్నామని, మా పిల్లల్ని చెక్కుచెదరకుండా తిరిగి పంపిస్తామని మాటిస్తారా అని అందులో మర్యాదగా అడిగినారు.

షావుకారు జాబు మడిచి, "ఏం జెయ్యాలప్పా?" అన్నాడు.

"దేవరగట్టోళ్ళనే కాపలాకు పిలిపిద్దాం షావుకారూ" అన్నాను నేను. "ఉత్సవంలో దేవుణ్ణి కాపాడిన కట్టెలు అవి. వాటితో కాపలా కాస్తే అంతకన్నా మర్యాద యాడుంటుంది?"

మా ప్రాంతంలో ఎవరికైనా ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. దేవరగట్టులో దసరాకు మల్లయ్య దేవుణ్ణి కొండ మీద నుంచి తెచ్చేటప్పుడు, మా ఊరికి కావాలంటే మా ఊరికి కావాలని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కట్టెలు తిప్పుకుంటారు. తల పగిలితే ఇంత పసుపు అద్దుకొని మళ్ళీ నిలబడతారు. అది వాళ్ళకు కొట్లాట కాదు, మొక్కు. షావుకారు కూడా "శానా మంచి మాట" అన్నాడు. భయపడేవాడికి ఆ భయాన్నే తెచ్చి ఎదురుగా నిలబెడుతున్నామని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ పొద్దున ప్లాట్‌ఫారం మీదికి రెండు వందల మంది కట్టెల వీరులు వచ్చినారు. సరే, పదకొండు మంది. కానీ ఆ పదకొండు మందిని చూసుంటే మీకూ రెండు వందల మందిలాగే కనపడేవాళ్ళు. ఆరుగురికి తలకట్లు. కట్లకు పసుపు. చేతుల్లో ఇనుప పొన్నులు బిగించిన కట్టెలు. ముందు నిలబడిన పెద్దరైతుకు కట్టు ఎడమకన్ను మీదికి జారి, ఉన్న ఒక్క కన్నుతోనే ఆప్యాయంగా నవ్వుతున్నాడు.

రైలాగింది. మూడో తరగతి పెట్టె కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చినాయి. ప్లాట్‌ఫారం చూసినాయి. లోపలికి పోయినాయి.

"దిగండప్పా దిగండి! మేముండాము గదా!" అని పెద్దరైతు కట్టె పైకెత్తినాడు. వెనకున్న పదిమందీ మర్యాద తక్కువ కాకూడదని "హోయ్" అని కట్టెలెత్తినారు. టపటపమని చెక్క కిటికీలన్నీ దిగినాయి.

మా స్టేషన్ మాస్టరు బయటికి వచ్చినాడు. మద్రాసు పక్కాయన, నిక్కచ్చి మనిషి. "ఏమయ్యా, ఇది స్టేషనా, యుద్ధభూమా? రైలు ఆలస్యమైతే నీ పేరే రాస్తాను" అని ఆయన నాతో అన్నాడు.

నేను పెట్టెలోకి దూకి గొప్ప ఉపన్యాసం ఇచ్చినానని మా ఇంట్లో అందరికీ తెలుసు. అది ఉత్తమాట. మెల్లగా ఎక్కి లోపలికి తొంగిచూసినాను. పహిల్వాను ముందురోజే పోయి షావుకారింట్లో దిగినాడు. లోపల పంతొమ్మిది మంది అభిమానులు మూటలు గుండెలకు అదుముకొని కూర్చున్నారు. వాళ్ళందరికీ పెద్దదిక్కు ఒక సాయిబు. రాయచూరు బజారులో గడియారాలు బాగుచేస్తాడంట. తెల్లగడ్డం, నల్లటోపీ, చిన్న చిన్న చేతులు. ఆయనే నన్ను అడిగినాడు.

"బాబూ, ఆ కట్టెలకు అంటినదేమి, ఎర్రగ?"

"కుంకుమ సాయిబూ."

"అంతా కుంకుమేనా?"

నాకు అబద్ధం పూర్తిగా రాలేదు. "ఎక్కువ కుంకుమే" అన్నాను.

ఆయన నన్ను కిందికీ పైకీ చూసినాడు. "సాయంత్రం బండికి మా పిల్లలందర్నీ మళ్ళా ఈడికే తెచ్చి ఎక్కిస్తావా? నువ్వు పూచీనా?"

"నేనే పూచీ."

నా కోటు గుండీ పట్టుకొని, మీద ఉన్న రైల్వే ముద్ర చూసి, "కోటు అసలుదే. దిగండి రా" అన్నాడు తన వాళ్ళతో. ఆ మాటతో నేను పది అడుగుల ఎత్తు పెరిగినాను. ఇది మాత్రం ఎక్కువ చెప్పడం కాదు.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెప్పాలి. రానుపోను టికెట్టు అంటే ఒక చిన్న అట్టముక్క, మధ్యలో గీత. గేటు దగ్గర కలెక్టరు దాన్ని గీత మీద విరిచి, వచ్చిన సగం తీసుకొని, పోయే సగం ప్రయాణికుడి చేతిలో పెట్టాలి. నిద్రలో లేపినా చేయగలిగిన పని. కానీ ఆ రోజు గట్టోళ్ళు మర్యాద కొద్దీ చుట్టాల మూటలు లాక్కుంటున్నారు. మూటలు పోతున్నాయని వాళ్ళు అరుస్తున్నారు. ఇంజను ఈల వేస్తోంది. మాస్టరు చూస్తున్నాడు. నేను పదడుగుల ఎత్తున ఉన్నాను. అందిన టికెట్టునల్లా తీసుకొని కోటు జేబులో కుక్కుకున్నాను.

షావుకారు పంపిన బస్సులో చుట్టాలు లోపల, గట్టోళ్ళు టాపు మీద. కట్టెలతో టాపు మీద తాళం వేసుకుంటూ పాడుకుంటూ పోయినారు. పెండ్లి బస్సు మాదిరి ఉండాలని అట్లా చేసినారంట. కింద కూర్చున్నవాళ్ళకు ఎట్లుండిందో నేను చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నం రొట్టె తిని, తీసుకున్న టికెట్లు కట్టలు కట్టడానికి జేబులోవి బల్ల మీద పోసినాను. అన్నీ సగాలు ఉండాలి. పద్దెనిమిది అట్టలు నిండుగా, విరగకుండా ఉన్నాయి. పద్దెనిమిది మంది ఇల్లు చేరే దారి నా బల్ల మీద పడుంది.

ముందు నాకు వాళ్ళు గుర్తు రాలేదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది. అంతకుముందే ఇంకో స్టేషన్లో ఇట్లాంటి తప్పే చేసిన ఒకణ్ణి ఇంటికి పంపినారని మాస్టరు నాకు కథ కథగా చెప్పుండె. ఆ తర్వాత గుర్తొచ్చింది సాయిబు నా గుండీ పట్టుకున్న చెయ్యి. ఆ తర్వాత ఇంకోటి తోచింది. పంతొమ్మిది మంది కదా, పద్దెనిమిదే ఉన్నాయేమి? బల్ల కింద వెతికినాను, జేబు తిరగేసినాను. దొరకలేదు.

మాస్టరుతో కడుపునొప్పి అని చెప్పినాను. నొప్పి నిజమే, కారణమే వేరు. ఎమ్మిగనూరుకు గుర్రమెక్కి పోయినానని మా మనవళ్ళకు చెప్పినాను. గుర్రాన్ని పటంలో తప్ప దగ్గరగా చూసిన పాపాన పోలేదు. పత్తి లారీలో బోరాల మీద కూర్చొని పోయినాను. పద్దెనిమిది మైళ్ళు. మెత్తగా ఉండటాన దారిలో కునుకు కూడా తీసినాను. ఒప్పుకుంటున్నాను.

నేను పోయేసరికి కుస్తీ ముగిసిపోయింది. మావాడు గంటసేపు నిలబడినాడని ఆదోనిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అక్కడున్నవాళ్ళు చెప్పిందేమంటే, తమలపాకు నమిలి ఊసేలోగా మావాణ్ణి వెల్లకిలా వేసేసినాడంట రాయచూరోడు. గట్టోళ్ళకు ఆ పట్టు అంత నచ్చి, గోదాలోకి దూకి అతన్ని భుజాల మీదికెత్తుకొని, కట్టెలు తిప్పుకుంటూ ఊరేగించనీకి తీసుకుపోయినారు.

చూస్తున్న పంతొమ్మిది మందికి కనపడిందేమి? తమవాడు గెలిచినాడు. మరు నిమిషం పదకొండు కట్టెల మధ్య ఎటో మాయమైనాడు. "పదండి, స్టేషనుకు పోదాం" అని ఒకడు జేబులు తడుముకొని, "నా టికెట్టేది?" అన్నాడు. ఇంకొకడు తడుముకున్నాడు. ఎవరి దగ్గరా లేదు. "దిగంగానే వాపసు టికెట్లు గుంజుకున్న్యారు. మనల్ని పోనియ్యరు!" అని కేక పెట్టి, గోదా పక్కనున్న నూలు అద్దకం షెడ్డులో దూరి గడియ వేసుకున్నారు.

ఆ షెడ్డు ముందర తలకట్టు పెద్దరైతు మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. కట్టె పక్కన పడేసినాడు. పహిల్వాను ఎక్కడని అడిగితే, షావుకారింట్లో పాలు తాగుతున్నాడని, పిలిపించినామని చెప్పినాడు.

"చూడప్పా" అన్నాడు. "శనగ విత్తనం పని నిలబెట్టుకొని వచ్చినాము. పొద్దుట్నుంచి గంజి గూడా తాగలా. వాళ్ళ ఒంటి మీద ఈగ వాలనిచ్చినామా? మా మొగం జూస్తేనే ఏడుస్తాండారు. అంత సెడ్డగా ఉండామా మేము?"

మీ మొగం కాదు మామా, నా చెయ్యి చేసిన పని ఇది అని చెప్పాల్సింది. చెప్పలేదు. "కట్టు సరిజేసుకో మామా, కంటి మీదికి జారింది" అన్నాను.

తలుపు కొట్టినాను. "నేను, స్టేషనాయన్ని!"

"పొమ్మను! వాడే దొంగ!" అని లోపల కుర్రగొంతులు అరిచినాయి.

పూచీ అనే మాట ఇంకోసారి ఎత్తడానికి నాకు మొగం లేకపోయింది. నేల మీద కూర్చొని, తలుపు కింద సందులోంచి ఒక టికెట్టు లోపలికి తోసినాను. తర్వాత ఇంకొకటి. లోపల అరుపులు ఒక్కొక్కటే తగ్గినాయి. పద్దెనిమిదీ తోసేసినాను.

కొంచెంసేపటికి లోపల చిన్నగా 'టక్' మంది. మళ్ళీ 'టక్'. అట్ట విరిగే చప్పుడు నాకు తెలియనిదా? తలుపు సందులోంచి ఒక సగం బయటికి వచ్చింది. గీత మీద, ఒక్క పీచు లేవకుండా, నేను విరిచినదానికన్నా నీటుగా విరిగిన సగం. గడియారాలు చేసే చెయ్యి మరి. ఒకటి తర్వాత ఒకటి, పద్దెనిమిది సగాలు నా మోకాళ్ళ ముందుకు వచ్చినాయి. ఆ ముసలాయన కోపం చేసుకోలేదు, కేకలు వేయలేదు. పొద్దున గేటులో నేను చేయాల్సిన పనిని తలుపు అవతల కూర్చొని తాను చేసి పెట్టినాడు.

గడియ తీసినారు. లోపల ఆరేసిన తడి నూలు చాటున దాక్కున్నారు కదా, చేతులూ చొక్కాలూ ఎర్రరంగు, నీలిరంగు. పెద్దరైతు వాళ్ళను చూసి, పసుపూ కుంకుమా అంటిన తన పంచె చూసుకొని, "ఇప్పుడు అందురమూ ఒగటే మాదిరుండాము" అన్నాడు. అప్పుడు వాళ్ళలో ఒక కుర్రవాడు మొదట నవ్వినాడు. అంతలో మెడనిండా పూలదండలు, మీసాలకు పాలనురగ, చేతిలో అరటిగెలతో పహిల్వాను వచ్చినాడు. మిగిలినవాళ్ళు కూడా నవ్వినారు.

పొద్దు ఇంకా ఉండగానే స్టేషను చేరినాము. అయిపోయిందనుకున్నాను. గేటులో మాస్టరు నిలబడి ఉన్నాడు. ఎమ్మిగనూరు నుంచి ముందు వచ్చిన ఎవరో చెప్పేసినారు.

"నీకు కడుపునొప్పి కదా?" అన్నాడు నాతో. సాయిబు వైపు తిరిగి, "ఈ మనిషి మీ వాపసు టికెట్లు తీసుకున్నాడంట, నిజమా? భయపడకుండా చెప్పండి. రాసుకుంటాను" అన్నాడు. చేతిలో కాగితం కూడా ఉంది.

పదినెలల ఉద్యోగం, ఇంకా మిగిలిన రెండు నెలలు, అన్నీ ఆ ముసలాయన గడ్డం కింద ఆగినాయి.

"తీసుకున్న్యాడు" అన్నాడు సాయిబు. "నేనే పెట్టుకోమని ఇస్తిని. గోదా కాడ జనం, జేబులు కొట్టేస్తారని. జాగ్రత్తగ తెచ్చి ఇచ్చినాడు."

మాస్టరు నమ్మలేదు. కుర్రవాళ్ళ చొక్కాలు చూసి ఉలిక్కిపడి, "మరి ఇదేమిటి? రక్తమా?" అన్నాడు.

సాయిబు నా మొగం చూసి, "ఎక్కువ రంగే" అన్నాడు.

పంతొమ్మిది మందిని క్షేమంగా పంపిన కథ ఇదే. ఎవరు ఎవర్ని క్షేమంగా ఉంచినారో మీకు తెలిసే ఉంటుంది. పరాయి రాజ్యం నుంచి, భయంతో, మా మధ్యకు వచ్చిన మనిషి నన్ను కాపాడి రైలెక్కి పోయినాడు. రెండు నెలలకు నా ఉద్యోగం ఖాయమైంది.

తర్వాత యుద్ధం వచ్చింది. బదులు కుస్తీ వాయిదా పడుతూ పడుతూ యుద్ధం ముగిసిన మరుసటేడు రాయచూరులో పెట్టినారు. ఈసారి పోవాల్సింది మేము. అప్పటికి ఇటువాళ్ళకు అటన్నా, అటువాళ్ళకు ఇటన్నా గుబులుగా ఉన్న కాలం. "నది దాటితే మనోళ్ళను దిగనియ్యరంట" అని ఆదోని బజారంతా అనేవాళ్ళు. పోదామన్న ముప్పై మందిలో చివరికి ఏడుగురు మిగిలినారు. తలకట్టు పెద్దరైతు వచ్చినాడు, కట్టె లేకుండా. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దారి పొడుగునా చంకల్లో పెట్టుకున్నాడు.

వంతెన మీద రైలు పోతుంటే నాకూ భయమేసి జేబు తడుముకున్నాను. అయినా నా దగ్గర ఒక పథకం ఉంది. రాయచూరు గేటు బయట సాయిబు మా కోసం నిలబడి ఉన్నాడు. బాగా ముసలివాడైనాడు. నేను గేటులో విరిపించుకున్న టికెట్టు తిరుగు సగాన్ని అందరూ చూస్తుండగా ఆయన చేతిలో పెట్టి, "సాయిబూ, ఇది సాయంత్రందాకా మీ దగ్గరే ఉండనీ" అన్నాను. మావాళ్ళు నోళ్ళు తెరిచినారు. ఆయన మారుమాట లేకుండా జేబుగడియారం మూత తెరిచి, అందులో పెట్టి మూసినాడు. అది చూసి మావాళ్ళందరికీ ధైర్యం వచ్చింది. పరాయి ఊళ్ళో అంత నమ్మకం చూపినవాడు ఇంకొకడు లేడని ఈ ఘట్టాన్ని పెండ్లిళ్ళలో, పంక్తుల్లో ఎన్నోసార్లు చెప్పినాను.

చెప్పని ముక్క ఒకటుంది. నేను రైల్వే మనిషిని. నా లోపలి జేబులో రానుపోను పాసుంది, టికెట్టుతో పనే లేదు. ఆ టికెట్టు కొన్నదే ఆయన చేతిలో పెట్టడానికి.

ఆ రోజు ఏ గొడవా జరగలేదు. మావాడు మళ్ళీ ఓడిపోయినాడు. వాళ్ళు మాకు కడుపునిండా పెట్టి, పెద్దరైతు చేతులకు పని ఉండేటట్టు పెద్ద ఖర్బూజా ఒకటి మోయించినారు. సాయంత్రం ప్లాట్‌ఫారం మీద సాయిబు నన్ను పక్కకు పిలిచి, గడియారం మూత తెరిచి నా టికెట్టు నాకిచ్చినాడు.

"పాసుండంగ టికెట్టు యాల కొంటివి బాబూ?"

నా మొగం ఎట్లా అయిందో ఆయనకే తెలియాలి.

"సిగ్గుపడొద్దు" అని, టోపీ తీసి, అంచు మడతలోంచి ఇంకొక అట్టముక్క బయటికి తీసినాడు. మాసిపోయిన సగం టికెట్టు. "ఆ దినం మీ గేటులో అందురూ ఇచ్చిరి. నేనియ్యలా. టోపీలో పెట్టుకొంటి. ఏమన్న అయితే ఒక్కడన్న ఊరు జేరి సెప్పాల గదా అని. నిన్ను నమ్మితి. అయినా టోపీలో పెట్టుకొంటి."

పంతొమ్మిదో టికెట్టు! ఇన్నేళ్ళు నా జేబుకు చిల్లుందేమోనని అనుకుంటూ వచ్చినాను. ఇద్దరమూ ఒకరి మొగం ఒకరు చూసుకొని, మావాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వినాము.

"తీసుకో. ఈ వచ్చిన సగం నీకు చేరాల్సింది" అన్నాడు. తీసుకున్నాను. పరాయి స్టేషను, నాది డ్యూటీ కాదు, అయినా చేతి అలవాటు కొద్దీ తిప్పి తేదీ చూసినాను. "చెల్లుతుందా?" అని ఆయన అడిగినాడు. "చెల్లుతుంది సాయిబూ" అన్నాను.

నేను పాసు మీదే ఇంటికొచ్చినాను కాబట్టి నా తిరుగు సగం కూడా ఎవరికీ ఇవ్వలేదు. రెండు సగాలూ నా పెట్టెలోనే ఉన్నాయి. ఒకటి ఆయన భయపడుతూ వచ్చిన దారిది. ఒకటి నేను భయపడుతూ పోయిన ఊరి నుంచి తిరిగొచ్చిన దారిది. రెండింటి మీదా ఒకే రాత: రాయచూరు నుంచి ఆదోనికి. ముప్పై రెండేళ్ళు ఊరందరి టికెట్లూ అడిగి తీసుకున్నవాణ్ణి, ఈ రెండూ మాత్రం ఏ ఆఫీసుకూ పంపలేదు. అరుగు మీది కుర్రవాళ్ళు మళ్ళీ అడిగితే ఈసారి ఉపన్యాసం చెప్పను, వీటిని చూపిస్తాను. అయినా నలభై మంది అనే చెబుతానేమో, చూడాలి.